పెన్ను కత్తిగా మారే కథలు మా పిల్లలకి తెలుగులో ఎప్పుడిస్తారు? తెలుగు ప్రచురణకర్తలకి ఒక బహిరంగ లేఖ

తెలుగులో పుస్తకాలు వేసే ప్రచురణకర్తలందరికీ, పిల్లల పుస్తకాలు చూసే ఎడిటర్లకీ నమస్కారం.

నేను సిద్దిపేట వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్ని, పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయట్లేదు, మా ఇంట్లో ఒక గోడంతా మీరు వేసిన పుస్తకాలే, వాటిని చదివే నేను టీచర్నయ్యా. కానీ ఈ ఏడాది మా ఏడో తరగతిలో జరిగింది మీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు, అందుకే కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

మా బడి లైబ్రరీ అంటే ఒక ఇనప బీరువా. అందులో తెనాలి రామకృష్ణుడు, పంచతంత్రం, అక్బర్ బీర్బల్, పరమానందయ్య శిష్యులు, మహనీయుల జీవితాలు ఉన్నాయి. ఇవి వద్దని నేనెప్పుడూ అనను. కానీ ఇరవై నాలుగు పేజీల పుస్తకం, చివరి పేజీలో కింద గీత గీసి 'నీతి' అని రాసి ఉంటుంది, పిల్లలు ముందు ఆ చివరి పేజీ తిప్పి నీతి చూసేసి పుస్తకం వెనక్కి ఇచ్చేస్తారు, చదివేశాం సార్ అంటారు. మూడో తరగతి పిల్లలకైతే బొమ్మల పుస్తకాలు బాగానే వస్తున్నాయి ఈమధ్య, అది ఒప్పుకుంటా. కానీ పదేళ్ళు దాటి పద్నాలుగు లోపు ఉన్నవాళ్ళకి, అంటే రెండు మూడొందల పేజీల కథలో మునిగిపోయే వయసు వాళ్ళకి, తెలుగులో ఏముందో చెప్పండి. అక్కడి నుంచి నేరుగా పెద్దవాళ్ళ నవలల్లోకి దూకాలి, లేదా ఇంగ్లీషులోకి పోవాలి, లేదంటే చదవడమే మానేయాలి. మా ఊళ్ళో పిల్లలు మూడోదే చేస్తున్నారు.

పోయిన ఏడాది ఒక ఆదివారం హైదరాబాద్‌లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో పర్సీ జాక్సన్ మొదటి భాగం దొరికింది, అట్ట చిరిగి ఉంది. 2005లో వచ్చిన నవల అది, రిక్ రియార్డన్ అనే ఆయన రాసింది. ఆయన అమెరికాలో టెక్సస్ వాడు, అప్పట్లో నాలాగే బడి పిల్లలకి పాఠాలు చెప్పుకునే టీచర్. వాళ్ళబ్బాయికి డిస్లెక్సియా (అక్షరాలు చదవడంలో ఇబ్బంది), ఏడీహెచ్‌డీ (మనసు కుదురుగా నిలపలేకపోవడం) ఉన్నాయని తేలింది, చదువంటే పారిపోయేవాడట, కానీ గ్రీకు పురాణ కథలంటే ఇష్టం, దాంతో రాత్రి పడుకునేటప్పుడు అవే చెప్పేవాడు, తెలిసినవన్నీ అయిపోయాక అదే దేవుళ్ళతో కొత్త కథ చెప్పమని పిల్లాడు అడిగితే పుట్టింది పర్సీ. ఆ కథలో గ్రీకు దేవుడి కొడుకైన పర్సీకి కూడా అక్షరాలు కుదురుగా నిలబడవు, క్లాసులో కుదురుగా కూర్చోలేడు. ఎందుకంటే వాడి మెదడు ప్రాచీన గ్రీకు చదవడానికి తయారైంది, ఆ కుదురులేనితనం యుద్ధంలో ప్రాణం కాపాడే చురుకుదనం అని తర్వాత తెలుస్తుంది. రాతప్రతి అయ్యాక ఆయన ముందు చూపించింది కూడా తన బళ్ళోని ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్లో కొందరికే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తా.

శుక్రవారం ఆఖరి పీరియడ్ లైబ్రరీ పీరియడ్. ఆ పుస్తకం చేత్తో పట్టుకుని ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టా, ముందు ప్రిపరేషన్ ఏమీ లేదు. మొదటి చాప్టర్లోనే మ్యూజియానికి తీసుకెళ్ళిన లెక్కల టీచరమ్మ గోళ్ళూ రెక్కలూ వచ్చి రాక్షసి అయిపోతుంది, వీల్‌చెయిర్లో తిరిగే ఇంకో మాస్టారు పర్సీ వైపు ఒక పెన్ను విసురుతాడు, అది చేతిలో పడేసరికి కత్తి. క్లాసులో నలభై రెండు మంది పిల్లలు, ఒక్కడు కదల్లేదు. మర్నాటి నుంచి క్లాసులో పెన్ను క్యాపు తీసే పద్ధతే మారిపోయింది, చెయ్యి చాచి టక్కున తీసి ముందుకి పెట్టడం, నేనేమీ అనలేదు.

నాలుగో చాప్టర్లో వాన, చీకటి, గుట్ట ఎక్కుతుంటే వెనక ఎద్దు తల ఉన్న మనిషి తరుముకొస్తాడు. నేను మినోటార్ అని ఇంకా పూర్తిగా అననేలేదు, వెనక బెంచీ నుంచి ఒక పిల్ల 'మహిషాసురుడే గద సార్' అంది. కాదమ్మా వీడు వేరే, గ్రీసులో క్రీటు అని ఒక దీవి, అక్కడి రాజు వీణ్ణి చిక్కుదారుల కోటలో దాచిపెట్టాడు అని చెప్తే, 'మరి గాళ్ళకు గూడ దున్నపోతు రాక్షసుడు ఎట్ల ఒచ్చిండు సార్, మన దగ్గర్కెల్లి పోయిండా, గాడికెల్లి మన దగ్గర్కి ఒచ్చిండా' అని అడిగింది. ఏడో తరగతి పిల్ల! నా సర్వీసులో ఒక పిల్ల తనంతట తను అడిగిన ఇంత పెద్ద ప్రశ్న నాకు గుర్తులేదు. పర్సీ వాళ్ళమ్మ వాడి కళ్ళముందే బంగారు వెలుగై మాయమైపోయిన చోట నేను ఆగా, లాంగ్ బెల్ కొట్టారు, ఎవరూ సంచులు తీసుకోలేదు.

ఇంకో సంగతి. ఆ దేవుళ్ళ రాజు పేరు మామూలుగా తెలుగులో రాసే పద్ధతిలో బోర్డు మీద రాశా, 'జ్యూస్' అని. క్లాసంతా ఐదు నిమిషాలు నవ్వు, మ్యాంగో జ్యూసా బత్తాయి జ్యూసా అని. చెరిపేసి 'జియస్' అని రాశా, ఉరుములు మెరుపుల దేవుడు, చేతిలో పిడుగు, మన ఇంద్రుడి వజ్రాయుధం లాంటిది అన్నా, నవ్వు ఆగిపోయింది. అనువాదం అంటే ఇంత చిన్న చోట నిలబడతది, ఇంత చిన్న చోటే పడిపోతది. మీరు రేపు ఎవరితోనైనా అనువాదం చేయిస్తే ఒక్క పేరు కూడా పిల్లల ముందు పైకి చదివి చూడకుండా అచ్చుకి పంపకండి.

ఇది కొత్త పని కాదు మనకి, అదే నా బాధ. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు చందమామ మొదలుపెట్టారు. కొడవటిగంటి కుటుంబరావు గారు దాన్ని నడిపిన రోజుల్లో గ్రీకు పురాణాలు మన పిల్లలకి వచ్చాయి, ఒడిస్సీ 'రూపధరుడి యాత్రలు' అయింది, ట్రాయ్ యుద్ధం 'భువనసుందరి' అయింది. మా నాన్న ఆరో తరగతి చదివి ఆపేసిన రైతు, ఆయనకి ఒంటికన్ను రాక్షసుడి గుహలోంచి గొర్రెల పొట్టల కింద వేలాడి తప్పించుకున్న కథ తెలుసు, అది గ్రీకు కథ అని మాత్రం చచ్చేదాకా తెలీదు! రూపధరుడు అంటే ఆయన దృష్టిలో మన రాజే ఎవడో. ఇక దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ సంగతి మీకు నేను చెప్పాలా, తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, చిత్రా గారి బొమ్మలతో. నెలనెలా ఒక ముక్క, సరిగ్గా ప్రాణం మీదికొచ్చిన చోట ఆపేసేవారు. అందులో నీతి ఎక్కడా అచ్చువేయలేదు, శిథిలాలయం హీరోలు శిఖిముఖీ విక్రమకేసరీ ఒకరినొకరు వదిలిపెట్టకపోవడమే అందులో ఉన్న నీతి. అంటే ప్రపంచం వేరేచోట్ల ఇప్పుడు చేస్తున్నది మన దగ్గర అరవై డెబ్భై ఏళ్ళ కిందటే ఊరూరా నడిచింది. తర్వాత చందమామ ఆగిపోయింది, ఆ చోటు ఖాళీగానే ఉంది.

అమెరికాలో మాత్రం ఆగలేదు. రియార్డన్ గ్రీకు దేవుళ్ళ తర్వాత ఈజిప్టు దేవుళ్ళతో, ఉత్తర యూరప్ వాళ్ళ నార్స్ దేవుళ్ళతో రాశాడు. పిల్లలు మా దేశం దేవుళ్ళ మీద రాయండి అని అడిగితే ఒక మంచి పని చేశాడు, నాకు నచ్చిన పని, అది నేను రాస్తే కాదు, ఆ కథల మధ్య పుట్టి పెరిగినవాళ్ళు రాయాలి అని వేరేవాళ్ళ పుస్తకాలకి తన పేరు జోడించి దారి ఇచ్చాడు. 2018లో ఆ వరసలో మొదట వచ్చింది మన మహాభారతమే. రోషనీ చోక్షీ రాసిన నవల, అట్లాంటాలో మ్యూజియంలో ఉండే ఆరూ షా అనే పన్నెండేళ్ళ పిల్ల వెలిగించకూడని దీపం వెలిగిస్తుంది, పాండవులు ఈ జన్మలో ఆడపిల్లలుగా పుట్టారని తెలుస్తుంది, ఆరూ ఇంద్రుడి కూతురు, దాని తోడు వచ్చే మినీ యముడి కూతురు. మెక్సికో వైపు మాయా అనే పాత నాగరికత దేవతలతో ఒకటి, కొరియా కథలతో ఒకటి, అమెరికా ఆదివాసులైన నవాహో వాళ్ళ కథలతో ఒకటి, బానిసలుగా అమెరికా వెళ్ళిన ఆఫ్రికన్లు కూడా తీసుకెళ్ళిన అనాన్సీ అనే సాలీడు కథలతో ఒకటి, అలా వచ్చాయి. 2021లో సర్వత్ చడ్ఢా రాసిన దాంట్లో న్యూయార్క్‌లో తిండి కొట్టు నడుపుకునే ఇరాకీ కుటుంబం పిల్లాడి మీదికి మెసొపొటేమియా మహమ్మారి దేవుడు నెర్గల్ వస్తాడు, వేల ఏళ్ళ కిందటి ఆ దేశపు వీరుడు గిల్గమేష్ కూడా వస్తాడు.

ఈ నెర్గల్ గురించి నేను క్లాసులో రెండు ముక్కలు చెప్పా అంతే. రోగాల దేవుడు అనగానే పిల్లలు 'పోచమ్మ లెక్క' అన్నారు. నిజమే కదా, మశూచి వచ్చినా కలరా వచ్చినా ఊరు పోచమ్మ దగ్గరికి ముత్యాలమ్మ దగ్గరికి వెళ్ళింది, బోనం ఎత్తింది, వేపమండలు కట్టింది. కానీ నెర్గల్ రోగం పంచేవాడు, పోచమ్మ రోగాన్ని పంపే అమ్మ కూడా, తీసేసే అమ్మ కూడా, ఈ తేడా మీదే ఒక నవల రాయొచ్చు. కరోనాలో ఆన్‌లైన్ క్లాసు ఫోన్ లేక చెట్టెక్కి సిగ్నల్ వెతికిన పిల్లలు వీళ్ళ అన్నలూ అక్కలూ. ఊరు ఖాళీ అయిన రాత్రి ఒక పన్నెండేళ్ళ పిల్ల పోచమ్మ గుడి ముందు ఎవరితోనో మాట్లాడిందని కథ మొదలైతే, మా బళ్ళో ఆ పుస్తకం బీరువాలో ఒక్కరోజు కూడా ఉండదు.

మా క్లాసులోనే ఒక పిల్ల వాళ్ళ తాత ఒగ్గు కథ చెప్తాడు. జుట్టంతా పాములుండే రాక్షసి మెడూసా కథ అయ్యాక నా దగ్గరికొచ్చి 'మా తాత మల్లన్న కథ చెప్తడు సార్, ఇంతకన్న పెద్దగుంటది, పొద్దుందాక నడుస్తది' అంది. ఒక శనివారం ఆయన్ని బడికి పిలిచా. ఢమరుకం అందుకునేసరికి పక్క క్లాసుల వాళ్ళు కూడా కిటికీలకి వేలాడారు, బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ, అడవులు, గొర్రెల మందలు, ఒక్కడే మనిషి నిమిషానికొక పాత్ర, ఏడుపూ ఆయనే నవ్వూ ఆయనే. పక్క చేర్యాలలో నకాశీ వాళ్ళు ఎర్ర రంగు మీద గజాల కొద్దీ పొడుగు పటాలేస్తారు, ఒక్కో కులానికి ఒక్కో పురాణం, పటం విప్పుకుంటూ రాత్రంతా కథ చెప్పేవాళ్ళు ఉండేవారు. ఆదిలాబాద్ పోతే గోండుల నాగదేవత, కేస్లాపూర్ నాగోబా, మెస్రం వంశం వాళ్ళు చెప్పుల్లేకుండా నడిచెళ్ళి ఝరి అనే పాత్రలో తెచ్చే గోదావరి నీళ్ళు, ఆ నడకే ఒక సాహస నవల. నెల్లూరు వైపు కాటమరాజు కథ, కరువులో ఆవుల్ని తోలుకుని పరాయి బీళ్ళకి పోవడం, పుల్లరి, అంటే మేత పన్ను గొడవ, పాలేటి ఒడ్డున యుద్ధం. మేడారంలో సమ్మక్క. ఇవన్నీ పరిశోధన గ్రంథాల్లో ఉన్నాయి, యూనివర్సిటీ థీసిస్‌లలో ఉన్నాయి, పన్నెండేళ్ళ పిల్లాడి చేతికి వచ్చే రూపంలో మాత్రం లేవు.

మీలో ఒకరిని నేను ఒక పుస్తక ప్రదర్శనలో కలిసి ఇదే అడిగా. పేరు చెప్పను, మంచి మనిషే. రెండు మాటలన్నారు, ఒకటి కొనరండి అని, రెండోది దేవుళ్ళతో ఆటలెందుకు సార్ మనోభావాలు అని. రెండో మాట ముందు చెప్తా. మాయాబజార్లో శశిరేఖ పెళ్ళి వ్యాస భారతంలో లేదు, ఆ కథ మనవాళ్ళు కల్పించుకుందే, ఊళ్ళల్లో ఆడిందే, 1957 నుంచి ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తున్నాం, ఎవరి మనోభావమూ దెబ్బతినలేదు, ఘటోత్కచుడంటే ఇష్టం పెరిగింది అంతే. భక్తి ఉన్నవాడు రాస్తే ఆ ఆటలో కూడా భక్తి కనపడుతుంది. అయితే ఇందులో ఒక నిజమైన జాగ్రత్త ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. జియస్‌కి ఇవాళ మొక్కేవాళ్ళు దాదాపు లేరు, సమ్మక్కకి కోటి మంది మొక్కుతారు. అమెరికాలో నవాహో దేవతల్ని పెట్టి పెద్దవాళ్ళ నవల రాసిన ఒక రచయిత్రి మీద 2018లో నవాహో రచయితలే బహిరంగ లేఖ రాశారు, మా పవిత్రమైన విషయాల్ని మావాళ్ళు కానివాళ్ళు ఇలా వాడుకోవడం తప్పు అని. ఆ లేఖ చదివాక నాకు వాళ్ళ మాటే సబబు అనిపించింది. అందుకే అడుగుతున్నా, సమ్మక్క కథ రాయిస్తే కోయ పిల్ల చేత రాయించండి, నాగోబా కథ గోండు కుర్రాడి చేత రాయించండి, ఇప్పుడు వాళ్ళలో డిగ్రీలు చదివినవాళ్ళు, టీచర్లు, కవులు ఉన్నారు. రాయడం రాకపోతే ఎడిటర్ని పక్కన కూర్చోబెట్టండి. హైదరాబాద్‌లో ఏసీ రూములో నాలాంటోడు రాసేసి ముందుమాటలో వాళ్ళకి కృతజ్ఞతలు చెప్తే సరిపోదు.

ఇక కొనరు అనే మాట. డల్లాస్‌లో మా అక్క మనవరాలికి పదకొండేళ్ళు, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఆరూ షా చదివి నాకు వీడియో కాల్ చేసి యముడికి కూతురుంటే దానికి భయం ఉంటుందా తాతయ్యా అని అడిగింది, అరగంట యముడి గురించే మాట్లాడుకున్నాం, నచికేతుడి కథ చెప్పా, సావిత్రి కథ చెప్పా. ఆ పిల్ల మన భారతంలోకి ఇంగ్లీషు గుమ్మంలోంచి వచ్చింది, మంచిదే, సంతోషమే. తెలుగులో అలాంటి గుమ్మం ఉంటే దాంట్లోంచి రావడానికే అక్కడి మనబడి తెలుగు క్లాసుల్లో వారం వారం ఎంతమంది పిల్లలు అక్షరాలు దిద్దుతున్నారో మీకే తెలుసు, వాళ్ళకి అక్షరాలు వచ్చాక ఏం చదవాలో ఎవరూ చెప్పట్లేదు. ఇక్కడ మా ఊళ్ళో పిల్లలు కొనలేరు, నిజం. కానీ బడులు కొంటాయి, నాలాంటి టీచర్లు జేబులోంచి కొంటారు, పుట్టినరోజులకి కొంటారు. దేవుళ్ళూ రాక్షసులూ ఉన్న సినిమాలకి రాత్రి బెనిఫిట్ షోకి లైన్లో నిలబడే జనం మనం, ఈ కథలకి మనకి ఆకలి లేదంటే నేను నమ్మను.

అందుకే అడుగుతున్నా. విదేశీ నవలలకి అనువాద హక్కులు ఖరీదు, ఒక్కరికి భారమైతే ఇద్దరు ముగ్గురు కలిసి తీసుకోండి, ఏడాదికి ఒక్కటి చాలు, కానీ సంక్షిప్తం చేయకండి. మూడొందల పేజీల్ని అరవై పేజీలకి కోసి పిల్లలకి ఇంతే చాలు అనుకోవడం వాళ్ళని చిన్నచూపు చూడటమే. భాష వాళ్ళు మాట్లాడే భాషలో పెట్టండి, పర్సీ 'నేను భయభ్రాంతుడనైతిని' అంటే పుస్తకం అక్కడే మూసేస్తారు. అక్షరం కాస్త పెద్దది, వరసల మధ్య ఖాళీ, చాప్టర్లు చిన్నవి, బొమ్మ మాత్రం నిజంగా గీసే ఆర్టిస్టుతో, చేర్యాల వాళ్ళతో గీయించినా ఎంత బాగుంటుందో. రాసేవాళ్ళకి డబ్బులివ్వండి, ఐదు కాపీలు చేతిలో పెట్టి పంపించకండి. చివరి పేజీలో నీతి వద్దు, దండం పెడతా.

మా క్లాసులో ఒక పిల్లాడున్నాడు. ఏడోకి వచ్చినా ఒత్తుల దగ్గర ఆగిపోతాడు, చదవమంటే లేచి నిలబడి పుస్తకం కేసి చూస్తుంటాడు, మిగతావాళ్ళు నవ్వుతారు, నేనూ కొన్నిసార్లు కసిరా, అది ఇప్పుడు తల్చుకుంటే నాకు బాధ. పర్సీకి అక్షరాలు కదుల్తాయి అన్న ముక్క చదివిన రోజు అందరూ వెళ్ళాక తలుపు దగ్గర నిలబడి 'గాయనకు గూడ కదుల్తయా సార్' అన్నాడు. గూడ అన్నాడు. రెండేళ్ళుగా వాడికి పాఠం చెప్తున్నా, నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలీదు. తర్వాత వారం వాళ్ళ నాన్నతో మాట్లాడా, సిద్దిపేటలో డాక్టర్‌కి చూపించాం, ఇప్పుడు పేజీ మీద స్కేలు పెట్టి ఒక్కో వరసే చదువుతున్నాడు, నెమ్మదిగా.

ఆ నవలలో 22 చాప్టర్లు. పరీక్షలొచ్చేసరికి పదకొండు దాకా వచ్చాం, పర్సీ మెడూసా తల నరికి, డబ్బాలో పెట్టి పార్సిల్ కట్టి దేవుళ్ళ అడ్రసుకే పంపించేస్తాడు, అక్కడ ఆగాం. ఆఖరి రోజు వాడు నా దగ్గరికొచ్చి, సెలవుల్లో మిగతాది నేనే చదువుకుంట సార్, తెలుగుల ఉందా, ఉంటే ఇయ్యండి అన్నాడు. నేను బీరువా వైపు చూశా.

రిక్ రియార్డన్ తన రాతప్రతి ముందు తన బళ్ళోని పిల్లలకే చూపించాడని చెప్పా కదా. మీరు అనువాదం చేయించినా, కొత్తది రాయించినా, అచ్చుకి ముందు జిరాక్సు తీసి నాకు పంపండి. శుక్రవారం ఆఖరి పీరియడ్లో చదివి వినిపిస్తా, ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఆవలించారో, ఏ పేరు నోరు తిరగలేదో పేజీ నంబర్లతో సహా రాసి పంపిస్తా, ఒక్క రూపాయి అడగను. వాళ్ళిప్పుడు ఎనిమిదో తరగతి. జూన్‌లో బడి తెరుస్తారు, వాడు మొదటి రోజే అడుగుతాడు.

మీ జవాబు కోసం చూస్తూ,
ఒక తెలుగు మాస్టారు